మెకానికల్, సివిల్, ఈఈఈ నుంచి సాఫ్ట్‌వేర్‌లోకి: విజయవాడ, గుంటూరు పట్టభద్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

కానూరు నుంచి వడ్లమూడి దాకా, వడ్డేశ్వరం నుంచి గన్నవరం దాకా మన దగ్గర ఇంజినీరింగ్ కళాశాలలకు కొదవ లేదు. వాటిలో కంప్యూటర్ సైన్స్ కాకుండా వేరే బ్రాంచి చదివి, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ వైపు చూస్తున్న పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. నేనూ మెకానికల్ నుంచే ఈ రంగానికి వచ్చాను. అందుకే జవాబుల్లో సమాచారంతో పాటు నా అభిప్రాయాలు కూడా ఉంటాయి.

మాది సీఎస్ఈ కాదు. అసలు మమ్మల్ని తీసుకుంటారా?

తీసుకుంటారు. టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో, కాగ్నిజెంట్ వంటి పెద్ద సేవా సంస్థలు కొత్త పట్టభద్రుల నియామకాల్లో అన్ని బ్రాంచీల వాళ్లనూ చాలా ఏళ్లుగా తీసుకుంటున్నాయి. టీసీఎస్ జరిపే ఎన్‌క్యూటీ పరీక్షను ఏ బ్రాంచి వాళ్లయినా రాయవచ్చు. చేరాక శిక్షణ వాళ్లే ఇస్తారు.

అయితే బ్రాంచి అడగని సంస్థలు వేరే రెండు విషయాలు గట్టిగా అడుగుతాయి. మొదటిది మార్కులు. పదో తరగతి, ఇంటర్, బీటెక్ మూడింటిలోనూ 60 శాతం ఉండాలని, చదువులో మొత్తం విరామం రెండేళ్లు దాటకూడదని చాలా ప్రకటనల్లో కనిపిస్తుంది. రెండోది ఉత్తీర్ణత సంవత్సరం. ఈ నియామకాలు ఫలానా ఏడాది బయటికొచ్చిన బ్యాచికే జరుగుతాయి. చదువు పూర్తయ్యాక ఏడాది, రెండేళ్లు గ్రూప్స్ కోసమో బ్యాంకు పరీక్షల కోసమో చదివి, ఆ తర్వాత ఇటు తిరిగినవాళ్లకు ఈ మార్గం దాదాపు మూసుకుపోతుంది. కాబట్టి చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు 'ముందు డిగ్రీ చేతికి రానీ' అని ఆగకండి. కళాశాలలో ప్లేస్‌మెంట్ విభాగం ఉన్నప్పుడే, ఆసక్తి సగమే ఉన్నా సరే, పరీక్షలన్నిటికీ కూర్చోండి.

నాలుగేళ్లు చదివిన బ్రాంచి అంతా వృథాయేనా?

నన్ను అన్నిటికంటే బాధపెట్టే ప్రశ్న ఇది. ఎందుకంటే అడిగేవాళ్లలో చాలామంది వృథా అని అప్పటికే తీర్మానించుకుని వస్తారు. థర్మోడైనమిక్స్ పుస్తకం అటక మీద పెట్టేసి, సీఎస్ఈ వాళ్లు రెండో ఏడాదిలో చదివినదాన్ని మొదటి నుంచి మొదలుపెడతారు. అప్పుడు పోటీ వాళ్లతోనే, వాళ్ల మైదానంలోనే. మీ బ్రాంచికీ సాఫ్ట్‌వేర్‌కీ మధ్య ఉన్న ఉద్యోగాలకు సీఎస్ఈ వాళ్లు సాధారణంగా రారు. ముందుగా అక్కడ వెతకండి అనేదే నా సలహా.

మెకానికల్ సంగతి తీసుకుందాం. కార్ల సంస్థలు, విమాన విడిభాగాల సంస్థలు తమ డ్రాయింగులను, వాటి మార్పులను టీమ్‌సెంటర్, విండ్‌చిల్ వంటి పీఎల్ఎం (ఉత్పత్తి వివరాలను మొదటి నుంచి చివరిదాకా చూసుకునే) వ్యవస్థల్లో భద్రపరుస్తాయి. వాటిని నడిపేవాళ్లకు ప్రోగ్రామింగ్ రావాలి, విడిభాగాల అసెంబ్లీ (కూర్పు) అంటే ఏమిటో కూడా తెలియాలి. సంస్థల రోజువారీ పనుల లెక్కలు నడిపే శాప్ సాఫ్ట్‌వేర్‌లో ఉత్పత్తి ప్రణాళిక, యంత్రాల నిర్వహణ అని విడివిడి విభాగాలు ఉన్నాయి. ఆటోనగర్‌లో బాడీ బిల్డింగ్ షెడ్డులో ఏడాది పనిచేసిన కుర్రాడికి స్టోర్సు నుంచి సరుకు ఎలా కదులుతుందో, ఇండెంట్ (సరుకు కావాలని పెట్టే పత్రం) ఎందుకు ఆలస్యమవుతుందో తెలుసు. ఆ అవగాహనను శాప్ శిక్షణ కేంద్రాలు నేర్పలేవు.

ఈఈఈ, ఈసీఈ వాళ్లకు ఎంబెడెడ్ రంగం ఉంది. ఇప్పటి కారులో పదుల సంఖ్యలో చిన్న కంప్యూటర్లు ఉంటాయి. అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ పద్ధతిని బాష్ సంస్థ 1986లో ప్రవేశపెట్టింది, నేటికీ అదే వాడుకలో ఉంది. సీ భాష, మైక్రోకంట్రోలర్, క్యాన్, సిమ్యులింక్ (వ్యవస్థల నమూనాలు కంప్యూటర్‌లో నడిపి చూసే సాధనం) వచ్చినవాళ్లకు ఎలక్ట్రిక్ వాహనాల వల్ల అవకాశాలు పెరిగాయి. చిప్ డిజైన్ వైపు వెళ్లాలంటే వెరిలాగ్, సిస్టమ్ వెరిలాగ్ అనే చిప్ డిజైన్ భాషలు నేర్చుకోవాలి. ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రాన్ని కళాశాల నుంచి చూడటానికి వెళ్లినవాళ్లు కంట్రోల్ రూమును గుర్తు తెచ్చుకోండి. ఆ తెరల వెనక పనిచేసేదీ సాఫ్ట్‌వేరే. స్కాడా (ప్లాంటును దూరం నుంచి గమనించి నడిపే వ్యవస్థ), పీఎల్‌సీ (యంత్రాలను నియంత్రించే పారిశ్రామిక కంప్యూటర్) పనులకు విద్యుత్తు తెలిసిన మనిషే కావాలి.

సివిల్ వాళ్లు తమకు ఏ దారీ లేదనుకుంటారు. నా లెక్కలో వాళ్లకున్న దారి చాలా మంచిది, చూసేవాళ్లు తక్కువ. భవనాల నమూనాలు తయారుచేసే రెవిట్‌లో పనిని ప్రోగ్రామింగ్‌తో వేగవంతం చేయవచ్చు. భూ సమాచార వ్యవస్థల్లో క్యూజీఐఎస్ పూర్తిగా ఉచితం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగిన సంగతి మనందరికీ తెలుసు. ఇస్రో వారి భువన్ వెబ్‌సైట్‌లో నేల ఎత్తుల సమాచారం ఉచితంగా దొరుకుతుంది. దాన్ని తీసుకుని, పైథాన్‌తో ఏ ప్రాంతం ఎంత పల్లంలో ఉందో చూపే పటం తయారుచేసిన సివిల్ విద్యార్థిని ఇంటర్వ్యూలో ఎవరూ 'మీకు కోడింగ్ వచ్చా' అని అడగరు. నేరుగా ఆ పటం గురించే అడుగుతారు.

ఏ భాషతో మొదలుపెట్టాలి?

పైథాన్ లేదా జావా. ఎంబెడెడ్ అయితే సీ. ఏది ఎంచుకున్నా ఎస్‌క్యూఎల్ (డేటాబేసును ప్రశ్నలు అడిగే భాష), గిట్ (కోడ్‌లో మార్పులు భద్రపరిచే సాధనం) తప్పనిసరి. ఈ ఎంపిక మీద వారం కంటే ఎక్కువ ఆలోచించడం అనవసరం, ఎందుకంటే ఒక భాష బాగా వచ్చాక రెండోదానికి పట్టే శ్రమ చాలా తక్కువ.

మూడు నెలల్లో ఉద్యోగం అని ప్రకటనలు వస్తున్నాయి. నిజమేనా?

నేను నమ్మను. ప్రోగ్రామింగ్ అసలు తెలియని మనిషి రోజుకు మూడు నాలుగు గంటలు నిలకడగా కూర్చుంటే ఇంటర్వ్యూకు ధైర్యంగా వెళ్లడానికి ఎనిమిది నెలల నుంచి ఏడాది పడుతుందని నా అంచనా. ఉద్యోగం చేస్తూ నేర్చుకునేవాళ్లకు ఇంకొంచెం ఎక్కువ.

మొదటి నెల హాయిగా గడుస్తుంది. ఇబ్బంది రెండో నెలలో మొదలవుతుంది. వీడియో చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది, ఖాళీ తెర ముందు కూర్చోగానే చేయి కదలదు. చాలామంది తమకు బుర్ర లేదనుకుని ఇక్కడే మానేస్తారు. ఈత వచ్చినవాళ్లను గట్టు మీద నుంచి ఎంత చూసినా మనకు ఈత రాదు కదా, ఇదీ అంతే. వీడియో ఆపేసి, అందులో చూసిన ప్రోగ్రామునే చూడకుండా మళ్లీ రాయాలి. తప్పు వస్తే ఆ ఎర్ర అక్షరాలను పూర్తిగా చదవాలి. ఆ దశ దాటడానికి ఎంతకాలం పడుతుందో మనిషిని బట్టి ఉంటుంది. దాటిన తర్వాత మాత్రం వేగం మీకే తెలుస్తుంది.

అమీర్‌పేట వెళ్లాలా, ఇక్కడే ఉండి నేర్చుకోవచ్చా?

మొదటి ఆరు నెలలు ఇంట్లోనే ఉండండి. హాస్టల్ ఖర్చు, మెస్ ఖర్చు నెత్తిన పెట్టుకుని మైత్రీవనం దగ్గర వేరియబుల్ అంటే ఏమిటో నేర్చుకోవలసిన పని లేదు. ఎన్‌పీటెల్‌లో ఐఐటీల ఆచార్యుల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ ఆచార్యులు మాధవన్ ముకుంద్ పైథాన్‌లో డేటా స్ట్రక్చర్స్ గురించి చెప్పిన కోర్సును నేను చాలామందికి సూచిస్తాను. పాఠాలకు రుసుము లేదు, సర్టిఫికెట్ కావాలంటే మాత్రం కేంద్రానికి వెళ్లి పరీక్ష రాయాలి, దానికి చెల్లించాలి. హార్వర్డ్ వారి సీఎస్50, ఫ్రీ కోడ్ క్యాంప్ కూడా ఉచితమే. తెలుగులో చెప్పే వీడియోలు అర్థం చేసుకోవడానికి పనికొస్తాయి, అయితే సాధన చేసేటప్పుడు ఆంగ్ల డాక్యుమెంటేషన్ చదవడం మొదటి నుంచీ అలవాటు చేసుకోండి.

హైదరాబాద్ అవసరమయ్యేది ఇంటర్వ్యూల దశలో. అప్పుడు నాలుగు సంస్థలకు తిరగవచ్చు, సాయంత్రం తోటివాళ్లతో ప్రశ్నలు పంచుకోవచ్చు. అది నిజమైన లాభం.

ఒంటరిగా చదవలేనివాళ్లు శిక్షణ కేంద్రంలో చేరడంలో తప్పు లేదు. చేరేముందు గోడ మీది ఫొటోలు చూడటం మాని, గత బ్యాచిలో మీ బ్రాంచి వాళ్లు ఇద్దరి ఫోను నంబర్లు అడగండి. ఫీజు మొత్తం ఒకేసారి కట్టకండి. 'ఉద్యోగం వచ్చాకే కట్టండి' అన్నచోట కాగితం చదవండి, చాలాసార్లు అది ఏదో ఫైనాన్స్ సంస్థ నుంచి మీ పేరు మీద తీసుకున్న అప్పు అయి ఉంటుంది. ఉద్యోగం రాకపోయినా, మీరు కోర్సు మానేసినా వాయిదా ఆగదు, మీ సిబిల్ స్కోరే (అప్పులు తీర్చే తీరుకు ఇచ్చే మార్కులు) దెబ్బతింటుంది. యాప్ ద్వారా ఇచ్చే అప్పు అయితే రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం మొదట్లో కొద్ది రోజుల గడువులో, అసలు, ఆ రోజులకు అయిన ఖర్చు కట్టేసి జరిమానా లేకుండా బయటపడవచ్చు. ఆ గడువు ఎన్ని రోజులో సంతకం చేసే రోజే కనుక్కోండి.

ఫ్రెషర్‌కు ఎవరూ పిలవడం లేదు. మూడేళ్ల అనుభవం ఉన్నట్టు కాగితాలు పెట్టుకోమంటున్నారు. పెట్టుకోవచ్చా?

వద్దు. ఈ ఒక్క విషయంలో నా దగ్గర మధ్యేమార్గం లేదు.

పద్ధతి అందరికీ తెలిసిందే. ఒక కన్సల్టెన్సీ డబ్బు తీసుకుని పేరూ ఊరూ తెలియని సంస్థ లెటర్‌హెడ్ మీద అనుభవ పత్రం, జీతం చీటీలు ఇస్తుంది. ఇంటర్వ్యూలో ఏమి చెప్పాలో బట్టీ పట్టిస్తుంది. కొన్నిచోట్ల ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో మీరు పెదవులు కదుపుతుంటే మీ బదులు వేరే మనిషి జవాబులు చెబుతాడు. 'అందరూ పెట్టుకుంటున్నారు' అంటారు. ఆ 'అందరిలో' ఎంతమంది ఏడాది తర్వాత ఇంటికి తిరిగొచ్చారో మాత్రం చెప్పరు.

సంస్థలు ఎలా పట్టుకుంటాయో తెలుసుకోండి. 2014 నుంచి భవిష్యనిధి ఖాతాకు యూఏఎన్ అనే ఒకే సంఖ్య ఉంటోంది. మీరు ఎక్కడ, ఏ నెల నుంచి ఏ నెల వరకు పనిచేశారో అందులో కనిపిస్తుంది. మూడేళ్లు పనిచేశానన్న సంస్థ అందులో లేకపోతే ప్రశ్న అక్కడే మొదలవుతుంది. మీ పేరున జమైన పన్నును చూపే ఆదాయపు పన్ను 26ఏఎస్ పత్రం అడుగుతారు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు అడుగుతారు. కొన్ని కన్సల్టెన్సీలు పీఎఫ్ కూడా కడతామంటాయి. అలాంటి సంస్థల పేర్లు తనిఖీ చేసేవాళ్ల జాబితాల్లోకి ఎక్కుతాయి. ఎక్కిన రోజు ఆ పేరు మీద చేరినవాళ్లందరినీ ఒకేసారి పంపించేస్తారు. అప్పటికి మీరు రెండేళ్లు నిజాయతీగా పనిచేసి ఉన్నా ఆ రెండేళ్లకు అనుభవ పత్రం రాదు. నకిలీ పత్రాన్ని అసలుదిగా వాడటం భారతీయ న్యాయ సంహిత 340వ సెక్షన్ కింద నేరం కూడా.

ఇవన్నీ పక్కన పెట్టినా ఇంకొకటి ఉంది. మూడేళ్ల అనుభవం ఉందని చేరిన మనిషికి మొదటి రోజే మూడేళ్ల అనుభవం ఉన్నవాళ్ల పని ఇస్తారు. తెలియదని అడిగే హక్కు ఉండదు. రాత్రుళ్లు ఎవరికో డబ్బిచ్చి పని చేయించుకుంటూ, పగలు ఎప్పుడు బయటపడుతుందోనని భయపడుతూ బతికిన పిల్లలను చూశాను. వాళ్లు తెలివితక్కువవాళ్లు కారు. మరో ఆరు నెలలు ఓపిక పడితే సొంతంగానే వచ్చి ఉండేది.

ఇప్పటికే పెట్టుకున్నవాళ్లు ఉంటే, కొత్త దరఖాస్తుల్లో దాన్ని తీసేయండి. విరామం ఉందా, ఉందని రాయండి. ఆ కాలంలో ఏమి నేర్చుకున్నారో, ఏమి తయారుచేశారో కింద రాయండి.

ఉద్యోగం ఖాయమంటూ డిపాజిట్ అడుగుతున్నారు?

ఇవ్వకండి. పేరున్న ఏ సంస్థా ఉద్యోగం ఇవ్వడానికి డబ్బు తీసుకోదు. ఆఫర్ లేఖ జీమెయిల్ చిరునామా నుంచి వస్తే అనుమానించండి. 'బ్యాక్ డోర్' అనే మాట వినిపించగానే అక్కడి నుంచి లేచి రండి. ఇప్పటికే పంపి ఉంటే, ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి. ఎంత తొందరగా చేస్తే ఆ సొమ్మును అవతలి ఖాతాలో నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ.

ప్రాజెక్టు ఏమి చేయాలి? అందరూ అవే చేస్తున్నారు.

అందరూ చేసే సినిమా టికెట్ల బుకింగ్, లైబ్రరీ నిర్వహణ వద్దు. చుట్టూ చూడండి. గుంటూరు మిర్చి యార్డు ధరలు కేంద్ర ప్రభుత్వ ఆగ్‌మార్క్‌నెట్‌లో రోజూ వస్తాయి. తేజ, 334, బ్యాడిగి రకాల ధరలను కొన్నేళ్లకు దించుకుని, శుభ్రం చేసి, డేటాబేసులో పెట్టి, ఏ నెలలో ఎలా కదులుతున్నాయో చూపించండి. పని సగంలో మీకు అసలు కష్టం ఎదురవుతుంది: కొన్ని రోజుల ధరలు ఉండవు, ఒకే రకం పేరు రెండు విధాలుగా ఉంటుంది, క్వింటాలుకు బదులు వేరే కొలత పడి ఉంటుంది. వాటిని ఎలా సరిచేశారో చెప్పగలిగితే అదే మీ ఇంటర్వ్యూ. మిర్చి నిల్వచేసే శీతల గిడ్డంగిలో ఉష్ణోగ్రత నమోదుచేసి, హద్దు దాటితే ఫోనుకు సందేశం పంపే చిన్న పరికరం ఈఈఈ వాళ్లకు సరిగ్గా సరిపోతుంది.

ఇలాంటి రెండు ప్రాజెక్టులు చాలు. పది వద్దు.

ఏఐ వచ్చాక కొత్తవాళ్లకు ఇక చోటు ఉంటుందా?

2022 నవంబరు చివర్లో చాట్‌జీపీటీ వచ్చింది. అంతకుముందు కొత్తగా చేరినవాళ్లకు ఇచ్చే సులువైన పనుల్లో కొంత భాగాన్ని ఇప్పుడు ఈ సాధనాలు చేస్తున్నాయి. 2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతం మందిని తగ్గించబోతున్నట్టు ప్రకటించింది. 2021, 2022లలో అక్కలూ అన్నలూ ఉద్యోగం తెచ్చుకున్నంత తేలికగా ఇప్పుడు రాదు. తల్లిదండ్రులు ఆ పోలిక తేవద్దని వేడుకుంటున్నాను.

చోటు మాత్రం ఉంది. ఇంటర్వ్యూ మారింది. కోడ్ రాయమనే ప్రశ్నతో పాటు, ఉన్న కోడ్‌లో తప్పు ఎక్కడుందో చెప్పమని, ఈ పద్ధతే ఎందుకు ఎంచుకున్నారని అడుగుతున్నారు. కాబట్టి మొదటి మూడు నాలుగు నెలలు ఏఐతో కోడ్ రాయించుకోకండి. అర్థం కానిదాన్ని వివరించమని అడగండి, ఫరవాలేదు. పునాది పడ్డాక మాత్రం వాడటం నేర్చుకోవాల్సిందే. మీ బ్రాంచి జ్ఞానం విలువ ఇక్కడ ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఏఐ ఇచ్చిన బీము లెక్క తప్పని చెప్పగలిగేది సివిల్ చదివిన మనిషే.

తెలుగు మాధ్యమంలో చదివాను. ఇంగ్లిష్ అడ్డంకి అవుతుందా?

మొదట్లో అవుతుంది. ఇంటర్వ్యూకు కావలసింది ఉపన్యాసం ఇచ్చే ఇంగ్లిష్ కాదని గుర్తుంచుకోండి. మీ ప్రాజెక్టు గురించి ఐదు నిమిషాలు తడబడకుండా చెప్పడం, ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగడం, చిన్న మెయిల్ తప్పుల్లేకుండా రాయడం వస్తే చాలు. రోజూ మీ మాటలు ఫోనులో రికార్డు చేసుకుని వినండి. వినడానికి సిగ్గుగా ఉంటుంది, అయినా వినండి.

ఎంటెక్, ఎంసీఏ, అమెరికా ఎంఎస్: వీటిలో ఏదైనా చేస్తే మేలా?

గేట్‌లో కంప్యూటర్ సైన్స్ పేపర్‌ను ఏ బ్రాంచి వాళ్లయినా రాయవచ్చు. 2024 నుంచి డేటా సైన్స్, ఏఐకి విడిగా డీఏ అనే పేపర్ కూడా ఉంది. మంచి ర్యాంకుతో ఐఐటీలో, ఎన్ఐటీలో సీటు వస్తే తప్పక వెళ్లండి, కాకపోతే వేరే బ్రాంచి వాళ్లను తీసుకునే నిబంధన ఒక్కో సంస్థలో ఒక్కోలా ఉంటుంది, ముందే చూసుకోండి. ఐసెట్ రాసి రెండేళ్ల ఎంసీఏలో చేరితే మళ్లీ కళాశాల నియామకాలు అందుబాటులోకి వస్తాయి. విరామం ఎక్కువైనవాళ్లకు ఇది గౌరవమైన దారి. ఐఐటీ మద్రాస్ వారి ఆన్‌లైన్ బీఎస్ డేటా సైన్స్ గట్టి చదువు, ఉద్యోగం చేస్తూ కూడా చదవవచ్చు.

అమెరికా సంగతి వేరు. పొలం తాకట్టు పెట్టి వెళ్లేముందు ఆలోచించండి. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) చదివినవాళ్లు చదువయ్యాక అక్కడ పనిచేయడానికి ఇచ్చే ఓపీటీ అనుమతి మొత్తం మూడేళ్లు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ ఉద్యోగ వీసా దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. బ్రాంచి మారడం కోసమే అయితే అంత అప్పు అవసరం లేదని నా అభిప్రాయం.

ఉన్న ఉద్యోగం మానేసి నేర్చుకోవాలా?

మానకండి. తెల్లవారుజామున రెండు గంటలు, ఆదివారం పూర్తిగా ఇస్తే నెమ్మదిగానైనా వస్తుంది. జీతం ఆగిపోతే ఇంట్లో ఒత్తిడి పెరుగుతుంది, ఒత్తిడిలో మనుషులు మొదట వెతికేది ఆ నకిలీ కాగితాల దారినే. మీ సంస్థలోనే ఎక్సెల్‌లో చేతితో చేసే పని ఏదైనా ఉంటే దాన్ని పైథాన్‌తో చేసి చూపించండి. అది నిజమైన అనుభవం, రెజ్యూమేలో ధైర్యంగా రాసుకోవచ్చు.

పెళ్లయ్యాక, పిల్లలు పుట్టాక ఐదేళ్లు ఇంట్లో ఉన్నాను. నాకు వీలవుతుందా?

వీలవుతుంది. ముందు ఉద్యోగం చేసి ఉంటే, పెద్ద సంస్థలు కొన్ని ఇలా తిరిగి వచ్చే మహిళల కోసమే జరిపే నియామకాలు చూడండి. ఎప్పుడూ ఉద్యోగం చేయకపోతే టెస్టింగ్, డేటా విశ్లేషణ, డాక్యుమెంటేషన్ వంటి పనుల నుంచి మొదలుపెట్టడం మేలు. ఇక కుటుంబసభ్యులకు ఒక మాట: ఆమె చదువుకునే ఆ రెండు గంటలు ఇంట్లో పిల్లలను ఎవరు చూస్తారో తేల్చకుండా 'నువ్వు నేర్చుకో, మేము వద్దనలేదు' అంటే లాభం లేదు.

విజయవాడలోనే ఉద్యోగం దొరుకుతుందా?

కొన్ని ఉన్నాయి. గన్నవరం దగ్గర కేసరపల్లిలో హెచ్‌సీఎల్ ప్రాంగణం, మేధా టవర్స్ ఉన్నాయి, మంగళగిరిలో చిన్న సంస్థలు ఉన్నాయి. క్వాంటమ్ కంప్యూటింగ్ కోసం తలపెట్టిన అమరావతి క్వాంటమ్ వ్యాలీ గురించి చాలామంది అడుగుతున్నారు. సంతోషమే, అయితే కొత్త పట్టభద్రులు దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోవద్దు. మొదటి ఉద్యోగానికి హైదరాబాద్, బెంగళూరు వెళ్లడానికి సిద్ధపడండి.

ఆఫర్ వచ్చింది. రెండేళ్ల బాండు, ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతున్నారు.

బాండు చెల్లదని స్నేహితులు చెప్పే మాట నమ్మకండి. 2025 మేలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ బ్యాంకు అధికారి కేసులో మూడేళ్ల లోపు మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతును సమర్థించింది. మొత్తం ఎంతో, ఎన్నాళ్లో చదివి సంతకం చేయండి. ఒరిజినల్స్ మాత్రం చూపించి వెనక్కి తెచ్చుకోండి, వాళ్ల దగ్గర ఉంచకండి.

చేరేముందు కాగితాల్లో ఏమి సరిచూసుకోవాలి?

పేరు. మన దగ్గర పదో తరగతి మెమోలో ఇంటిపేరు మొత్తం ముందు ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం ఉంటుంది, పాన్‌లో వరుస తలకిందులవుతుంది. ఈ తేడాల వల్ల యూఏఎన్ ఆధార్‌తో కలవదు, తనిఖీ వారాల తరబడి నిలిచిపోతుంది. పదో తరగతి మెమోను ఆధారంగా పెట్టుకుని ముందు ఆధార్, తర్వాత పాన్, ఆ తర్వాత బ్యాంకు ఖాతా సరిచేయించుకోండి. ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ మార్కుల మెమో కళాశాల నుంచి తెచ్చుకోకపోతే ఈ వారమే వెళ్లండి. ఫీజు బకాయి పేరుతో ఆపితే రీయింబర్స్‌మెంట్ వివరాలు పట్టుకుని రాతపూర్వకంగా అడగండి, దరఖాస్తు నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి.